గుండ్రటి గదిలో మంచం

ఇంగ్లాండ్‌లోని కెంట్ పల్లెల్లో ఎర్ర ఇటుకలతో కట్టిన గుండ్రటి కట్టడాలు చాలా కనిపిస్తాయి. పైన సూదిగా లేచిన పెంకుల కప్పు, దాని కొసన తెల్లటి చెక్క టోపీ. వీటిని ఓస్ట్ హౌస్‌లంటారు. బీరుకు చేదునూ సువాసననూ ఇచ్చే హాప్స్ పూలను ఆరబెట్టడానికి రైతులు కట్టుకున్నవి. ఇప్పుడు చాలావాటిలో కుటుంబాలు కాపురముంటున్నాయి.

కింద పొయ్యి. పై అంతస్తులో సందులు వదిలి పరిచిన చెక్కపట్టీలు, వాటి మీద గుర్రపు వెంట్రుకలతో నేసిన పట్టా, ఆ పట్టా మీద పచ్చి పూలు. వాటి బరువులో ఇంచుమించు ఐదింట నాలుగు పాళ్లు నీరే. అదంతా ఆవిరై టోపీ గుండా బయటికి పోవాలి. టోపీకి ఒకవైపే నోరుంటుంది. గాలి ఎటు మళ్లినా తానూ తిరిగి గాలికి వీపు పెడుతుంది కాబట్టి వాన లోపలికి రాదు, ఆవిరి ఆగదు. ఒంగోలు ప్రాంతంలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకున్న రైతుకు ఓస్ట్ పనివాడి అవస్థ ఇట్టే తెలుస్తుంది. మంట అదుపు తప్పితే సరుకు పాడైనట్టే.

గుండ్రటి గదిలో వేడి అంతటా సమానంగా అందుతుందని 19వ శతాబ్దంలో నమ్మారు. తర్వాత చవకని చదరపు గదులకే మళ్లారు.

పూలు కోయడానికి ఏటా సెప్టెంబరులో లండన్ తూర్పు పేటల నుంచి కుటుంబాలకు కుటుంబాలు తరలివచ్చేవి. కోత యంత్రాలొచ్చాక ఆ వలస ఆగింది. ఆరబెట్టే పని కొత్త షెడ్లకు మారి ఓస్ట్‌లు ఖాళీ పడ్డాయి.

వాటిని ఇళ్లుగా మార్చేవారికి మొదటి చిక్కు వంపు గోడే. దానికి బీరువా ఆనదు, మంచం తలాపు ఆనదు. రెండో చిక్కు వెలుతురు. పొయ్యి గదికి పెద్ద కిటికీలతో పనిలేదు, మనుషులకు ఉంది. అలాగని గోడ నిండా కంతలు కొడితే మిగిలేది ఓస్ట్ కాదు. పక్కనే పూలు చల్లార్చి గోతాల్లోకి దట్టించే పొడవాటి కొట్టు ఉంటుంది. వంటిల్లు, హాలు అందులో అమర్చి, గుండ్రటి భాగాన్ని వీలైనంత వదిలేసినవాడే నిజమైన పనిమంతుడు. గాలి సాఫీగా పైకెక్కాలని కప్పు లోపలివైపు కూడా గిలాబా చేసేవారు. దాని కింద సీలింగ్ వేసి మూసేయడం అన్యాయం.

ఇంగ్లాండ్‌లో 2015 నాటి నిబంధనల్లో, పాత వ్యవసాయ కట్టడాలను పూర్తిస్థాయి ప్రణాళికా అనుమతి లేకుండానే ఇళ్లుగా మార్చుకునే వీలుంది. ఇలా మార్చుకోగల ఇళ్ల పరిమితిని 2024లో 10కి పెంచారు. వారసత్వ జాబితాకెక్కిన కట్టడాలకు ఇది వర్తించదు. జాబితాలో లేని ఓస్ట్‌ల మంచిచెడ్డలు ఎక్కువగా యజమాని, మేస్త్రీల చేతుల్లోనే ఉంటాయి. సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోలేక ఇటుకలు పెచ్చులూడతాయి. మళ్లీ సున్నమే కలపమని మేస్త్రీకి గట్టిగా చెప్పాల్సింది యజమానే.