అహము, అహంకారము: మనస్తత్వశాస్త్ర పరిభాషపై ఒక విమర్శ

మూర్తిమత్వమును గురించి తెలుగులో వచ్చు పాఠములలో చిక్కు తఱచుగా పేర్లలోనే ఉన్నది. భౌతికశాస్త్రములో "త్వరణము" అన్న మాట విద్యార్థికి కొత్తది. గురువు చెప్పిన అర్థమే నిలుచును. మనస్తత్వశాస్త్రమునకు ఆ అదృష్టము లేదు. దాని మాటలు అంతకు ముందే మన ఇంటిలో, వీధిలో వేరొక పని చేయుచున్నవి.

"అహము" సంగతి చూడుడు. ఫ్రాయిడ్ 1923లో ప్రకటించిన చిన్న గ్రంథములో మనస్సును మూడు భాగములుగా వివరించుచు, జర్మన్ పిల్లలకు కూడ తెలిసిన మాటలే వాడినాడు: "అది", "నేను", "పై నేను". 1927లో ఆంగ్లానువాదము వెలువడినప్పుడు వాని స్థానమున ఇడ్, ఈగో వంటి లాటిన్ పదములు చేరినవి. మన పరిభాషలో ఇవి అచిత్తు, అహము, అధ్యహము అయినవి.

సంస్కృతమున అహమ్ అనగా నేను. అనగా మనవారు ఫ్రాయిడ్ అసలు మాటకే తిరిగి చేరినారు! కాని తెలుగువాడు "వానికి అహము ఎక్కువ" అన్నప్పుడు గర్వమును నిందించుచున్నాడు. కావున "బలమైన అహము" అని పాఠములో చదివిన విద్యార్థి గర్విష్ఠుని ఊహించుకొనును. ఫ్రాయిడ్ భావము ఇందుకు దాదాపు తలక్రిందులు. ఆయన అహమును గుఱ్ఱముపై నున్న రౌతుతో పోల్చినాడు. బలము గుఱ్ఱముది, అదుపు రౌతుది, ఒక్కొక్కప్పుడు గుఱ్ఱము పోదలచిన చోటికే దానిని నడుపక తప్పదు. లోపల కోరికలు, పైన అధ్యహపు నిందలు, ఎదుట లోకము, ఈ ముగ్గురు యజమానులకు జవాబు చెప్పుకొను గుమాస్తా అది. గర్వించుటకు దానికి తీరిక ఎక్కడిది? ఆకలిగొన్న బాలుడు గంట కొట్టువరకు అన్నపు డబ్బా తెరువక ఆగినచో, అది అహము బలము.

"అచేతనము" మరింత విచిత్రము. చేతనాచేతనములని మనము జీవులను, రాళ్లను వేరుచేయుదుము. "అచేతన మనస్సు" అనగానే చచ్చుబడిన మనస్సు తోచును. ఫ్రాయిడ్ చెప్పినదో, మనకు తెలియకుండ ఎడతెగక పనిచేయునది. తెలిసిన పేరు మరచుట, నోరు జారుట దాని చేష్టలేయని ఆయన 1901లో విపులముగా వ్రాసినాడు. "అచిత్తు"దీ ఇదే దోషము. విశిష్టాద్వైతమున అచిత్తు జడపదార్థము. కోరికల కొలిమికి ఆ పేరు పెట్టినారు!

యూంగ్ 1921లో వివరించిన "అంతర్ముఖుడు" అన్నంతనే మనకు కన్నులు మూసిన యోగి కనబడును. బడిలోనైతే బిడియపడు విద్యార్థి. ఆయన చెప్పినది మనశ్శక్తి ఏ దిక్కునకు ప్రవహించునన్న విషయము; బిడియము వేరు. నేటి పరిశోధకులు దీనిని రెండు గదులుగా గాక ఒక కొలబద్దగా చూచుచున్నారు. ఎక్కువమంది నడుమనే ఉందురు. ప్రోగ్రెస్ రిపోర్టులో ఆ ఒక్క మాట వ్రాసినచో తలిదండ్రులు దానిని లోపముగా చదువుదురు, పిల్లవాడును నమ్మును.

ఫ్రాయిడ్ సిద్ధాంతములకు ప్రయోగ నిదర్శనములు చాలవన్న ఆక్షేపణ ఉన్నది, అది బలమైనదే. కాని ఖండింపబోవువాడును ముందు ఆయన అన్నదేమో ఎరుగవలెను గదా! "అచేతనము"నకు "అజ్ఞాతము" అన్న మాట నాకు మేలుగా తోచుచున్నది. "అహము" పాతుకొన్నది, ఇక కదలదు. ఉపాధ్యాయులు నల్లబల్లపై ఆ మాట వ్రాసినప్పుడు ప్రక్కనే "నేను" అనియు వ్రాసిన చాలును.