క్రిస్మస్ మేజోడు: మనము మరచిన కట్నపు కథ

గోదావరి డెల్టా సంఘములలో క్రిస్మస్ అనగా ఇంటిమీద నక్షత్రము, రాత్రి కేరల్స్, క్రొత్త బట్టలు. కొన్ని చోట్ల వీటి ప్రక్కన ఎర్రని మేజోళ్లు కూడ వ్రేలాడుచున్నవి. పొగగొట్టము లేని ఇండ్లలో ఇది పరాయి ఆచారమనుట సులభమైన విమర్శ. కాని చెట్టును, కేకును అంగీకరించిన మనము మేజోడును మాత్రము పరాయిదని త్రోసివేయలేము. దాని వెనుకనున్న కథ ఏమిటన్నదే అసలు ప్రశ్న.

నికొలాసు నాలుగవ శతాబ్దములో మూర పట్టణపు బిషప్పు. పౌలు ఓడ మారినది అక్కడనే (అపొ.కా. 27:5, 6). తొమ్మిదవ శతాబ్దమున మిఖాయేలు అను మఠాధిపతి వ్రాసిన చరిత్రలో, బీదతనమువలన ముగ్గురు కుమార్తెలకు పెండ్లి చేయలేని తండ్రి వారిని వ్యభిచార వృత్తికి అప్పగింప నెంచెను. నికొలాసు రాత్రివేళ కిటికీగుండ బంగారు మూటలు విసిరెను. మూడవమారు తండ్రి అతని గుర్తుపట్టగా, ఎవరికిని చెప్పవద్దని ఒట్టు వేయించుకొనెను. ఈ కథనములో మేజోడు లేదు. అది తరువాతి చేర్పు. 1823లో అమెరికాలోని ట్రాయ్ పట్టణపు పత్రికలో పేరు లేకుండ అచ్చయిన పద్యము దానిని లోకప్రసిద్ధము చేసినది.

ఈ ప్రయాణములో రెండు సంగతులు జారిపోయినవి. మొదటిది రహస్యము. కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు బోధించెను (మత్తయి 6:3, 4). మనమో క్రిస్మస్ ఆరాధనలో దాతల పేర్లు మైకులో చదువుచున్నాము. రెండవది కట్నము. మేజోడులో మనము చాక్లెట్లు నింపుచున్నాము. కథలో అది ఆడపిల్ల బ్రదుకు నిలిపిన బంగారము. మూడు ఆదివారములు పెండ్లి ప్రకటన చదువు మన సంఘములలో, మొదటి ప్రకటనకు ముందే కట్నపు బేరము తెగిన సందర్భములు లేవని ఏ కాపరి చెప్పగలడు?

అయితే నికొలాసును కూడ విమర్శింపక తప్పదు. ఆయన ముగ్గురు కన్యలను కాపాడెను గాని, వారిని ఆ స్థితికి తెచ్చిన ఆచారమును ప్రశ్నించినట్లు కథలో లేదు. ఆయన దయకు అక్కడ ఒక హద్దు ఉన్నది. మన దేశములో 1961 నాటి వరకట్న నిషేధ చట్టము కట్నము పుచ్చుకొనుటనే గాక ఇచ్చుటను కూడ నేరముగా ఎంచినది. కాబట్టి నేడు నికొలాసును అనుసరించుట అనగా కట్నమునకు సాయము చేయుట కాదు. పేదింటి ఆడపిల్ల చదువు ఫీజును పేరు చెప్పకుండ చెల్లించుట, కట్నము అడిగిన వరుని ఇంటివారిని ప్రకటనకు ముందే కాపరి, పెద్దలు నిలదీయుట. మొదటిది ఔదార్యము, రెండవది న్యాయము.

మేజోళ్లు వ్రేలాడనిండు. సండేస్కూలు పిల్లలకు మాత్రము కథ పూర్తిగా చెప్పవలెను. వారి తలిదండ్రులు కూడ వినునట్లు చెప్పవలెను.