ముసుర్లో పెంకు మార్చే పని

శ్రావణ మాసపు ముసురు పట్టిందంటే కోనసీమ కొబ్బరితోటల్లో పాత పెంకుల షెడ్లు కారడం మొదలవుతుంది. లోపల కొబ్బరికాయల రాశి, ఎరువుల బస్తాలు, పలుగూ పారా ఉంటాయి గనక వానలు వెళ్లేదాకా ఆగడానికి లేదు. కాస్త తెరిపి ఇవ్వగానే మేస్త్రి వస్తాడు. అతని పని అర్థం కావాలంటే ముందు పెంకును చేతిలోకి తీసుకుని చూడాలి.

మనం బంగాళా పెంకు అనేది ఇదే. మంగుళూరులో బాసెల్ మిషన్ 1865లో పెట్టిన కార్ఖానా నుంచి ఈ అచ్చు దక్షిణాదంతా పాకింది. పొడవు సుమారు 41 సెంటీమీటర్లు, వెడల్పు 24, బరువు రెండు మూడు కిలోలు. అడుగున, పై అంచు దగ్గర పొడుచుకొచ్చిన ముక్కులు రీపరుకు, అంటే వాసాల మీద అడ్డంగా కొట్టిన బద్దకు, తగులుకుని పెంకును జారనివ్వవు. ఒక పక్క అంచున కాలువ, రెండో పక్కన గట్టు ఉంటాయి. ఒకదాని గట్టు పక్కదాని కాలువ మీద కూర్చుంటుంది. అతుకులో దూరిన నీరు ఆ కాలువలో పడి కింది వరస పెంకు మీదికి దిగిపోతుంది. ప్రతి వరసా తన కింది వరస తలను మూడంగుళాల మేర కప్పుతుంది. మేకు లేదు, బంక లేదు. బరువూ వాలూ చాలు.

మేస్త్రి ముందు వెతికేది నీటి దారి. బొట్టు పడే చోటూ చిల్లు ఉన్న చోటూ చాలాసార్లు ఒకటి కావు. పైన దూరిన నీరు వాసం అడుగునే పాకుతూ వచ్చి, ఏ ముడి దగ్గరో అతుకు దగ్గరో తెగి పడుతుంది. అందుకే అతను వాసం వెంట వేలితో తడుముతూ పైకి పోతాడు. తడి ఎక్కడ మొదలైందో అక్కడ ఆగి పైకి చూస్తాడు. వెలుతురు కనిపిస్తే పెంకు పగిలిందనో జరిగిందనో అర్థం. వెలుతురు లేకుండా తడి మాత్రమే ఉంటే కాలువలో పాచో ఆకుచెత్తో పూడుకుని నీరు గట్టు దాటుతోందన్నమాట. అప్పుడు కొబ్బరి ఈనెతో కాలువ గోకేస్తే సరిపోతుంది, పెంకు మార్చక్కర్లేదు.

పగిలితే మాత్రం మార్చాల్సిందే. ఆ పనంతా లోపల స్టూలు మీద నిలబడే అవుతుంది. పై వరసలో దాన్ని కప్పిన పెంకుల్నీ, పక్కనుంచి దాని కాలువ మీద కూర్చున్న పెంకునూ అరచేత్తో కొద్దిగా ఎత్తి పట్టుకుంటాడు. పగిలినదాన్ని పైకి నెట్టి రీపరు నుంచి ముక్కులు విడిపిస్తాడు. దాన్ని ఏటవాలుగా తిప్పి రెండు రీపర్ల సందులోంచి కిందికి దించుతాడు. ఆ సందు ఇంచుమించు అడుగు, పెంకు వెడల్పు అంతకంటే తక్కువ, అందుకే దిగుతుంది. కొత్త పెంకును వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. ఖంగుమంటేనే పైకి పోతుంది. అదే సందులోంచి బయటికి పంపి, పై వరస కిందికి తోసి, ముక్కులు రీపరుకు తగిలేదాకా కిందికి లాగుతాడు. ఎత్తినవాటిని దించగానే కప్పు మళ్లీ మూసుకుంటుంది.

చేతికి పెంకు దొరక్కపోతే రేకు ముక్క దోపుతాడు. దాని పై అంచు పై పెంకు కిందికి, కింది అంచు కింది పెంకు మీదికి. పెంకయినా రేకయినా పైది కిందిదాన్ని కప్పాలన్నదే సూత్రం. ఈ వరస తిరగబడితే నీరు నేరుగా లోపలికొస్తుంది.

రెండు వాలులూ కలిసే కొప్పు దగ్గర మాత్రం తొందరపడడు. కొప్పు పెంకుల్ని పట్టి ఉంచేది గచ్చు. పచ్చిగా ఉండగా వాన తగిలితే అది కొట్టుకుపోతుంది. అందుకని రెండు వాలుల మీదికీ దిగేలా టార్పాలిన్ కప్పి, అంచులకు ఇసుక సంచులు కట్టి, గచ్చు పనిని ఎండలకు వదిలేస్తాడు. అక్కడికి ఎక్కేటప్పుడు కూడా కప్పు మీద నిచ్చెన పడుకోబెట్టి దాని మెట్ల మీదే అడుగు వేస్తాడు. పాచి పట్టిన పెంకు జారుతుంది, ఒక్కచోటే బరువు పడితే విరుగుతుంది.

ఇంత ముసుర్లోనూ ఈ మరమ్మతు సాధ్యమవుతోందంటే, పెంకులు ఒకదాన్నొకటి కప్పుకున్నాయే తప్ప అంటుకుపోలేదు గనకే. ఆ అచ్చు గీసినవాళ్లు నీటికి దారి ఇచ్చినట్టే, రేపు బాగుచేసేవాడి చేతికీ చోటు ఇచ్చారు. ఆ చోటు ఎక్కడుందో తెలిసినవాడే మంచి మేస్త్రి.