చిహిరో పేరు

బొమ్మల సినిమా మీద విమర్శ రాయడమేమిటని మిత్రులు కొందరు అడగవచ్చు. పిల్లలు చూసి మరచిపోయే వస్తువుకు ఇంత గౌరవం దేనికని వారి ఉద్దేశం. కాని ధైర్యమంటే ఏమిటో, తామెవరో మన పిల్లలు తొలిపాఠాలు నేర్చుకుంటున్నది ఈ బొమ్మల దగ్గరే గదా! హైదరాబాదులో తయారై 2008 నుంచి దేశమంతటా ఇంటింటా ఆడిన ‘ఛోటా భీమ్’నే తీసుకోండి. అందులో చుట్కీ తెలివిగల పిల్ల. అయినా ఆమె లడ్డూలు అందిస్తుంది, భీముడు తిని బలం పుంజుకుంటాడు. వంటింటి పంపకం బొమ్మల్లోకి కూడా వచ్చిందన్నమాట.

ఇందుకు భిన్నమైన పిల్ల హయావో మియజాకీ 2001లో జపానులో తీసిన ‘స్పిరిటెడ్ అవే’లో ఉన్నది. ఆ చిత్రానికి 2003లో ఆస్కారు వచ్చింది. నేను దాన్ని ఎన్నుకున్నది అందుకు కాదు.

చిహిరోకు పదేళ్లు. తల్లిదండ్రులు మనుషులు లేని అంగట్లో తిండి మీదపడి తిని పందులైపోతారు. దేవతలు స్నానాలకు వచ్చే ఒక పెద్ద స్నానశాలలో పిల్ల ఒంటరిగా చిక్కుకుంటుంది. పని లేనివారికి అక్కడ బతుకు లేదు. యజమానురాలు యుబాబా ఎంత బెదిరించినా ఈ పిల్ల పని ఇమ్మనే అంటుంది. కత్తి పట్టదు, మంత్రం చదవదు. భయపడుతూనే అడుగుతుంది. ధైర్యాన్ని ఇంత నిజంగా చూపిన బొమ్మల చిత్రం మరొకటి నేను చూడలేదు.

అప్పుడు యుబాబా ఒప్పందం రాయించుకుంటుంది. కాగితం మీది పేరులోంచి అక్షరాలు గుప్పిట్లోకి లాక్కొని, ఒక్కటి మిగిల్చి, ఇకమీదట నీ పేరు ‘సెన్’ అంటుంది. సెన్ అంటే వేయి. పిల్లకు మిగిలింది ఒక అంకె! అసలు పేరు మరచినవారు ఇల్లు చేరలేరు.

ఇది మంత్రగత్తె మాయేనని తెలంగాణలో పుట్టినవాడు దాటిపోలేడు. దొరల గడీ ముందు వెంకయ్య ఎంకిగాడయ్యాడు, పోచయ్య పోశిగాడయ్యాడు. అప్పు కాగితం మీద వేలిముద్ర తండ్రిది, వెట్టి కొడుకుది. అటువంటి కాగితాలను తగలబెట్టడం రైతాంగ సాయుధ పోరాటంలో ఒక ముఖ్య ఘట్టం. ఆ పోరాటంలో అనభేరి ప్రభాకరరావు 1948 మార్చి 14న నేలకొరిగిన మహమ్మదాపూర్ మా హుస్నాబాద్ దగ్గరిదే. కాగితానికీ పేరుకూ గల సంబంధం మా ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు.

అదంతా గతమనుకున్నాను. మా డిగ్రీ విద్యార్థులకు ఈ చిత్రం చూపిన రోజున ఒక అమ్మాయి లేచి, “మా అక్కకు గూడ గిట్లనే పేరు మార్చిన్రు సార్” అన్నది. అక్క హైదరాబాదులో ఒక కాల్ సెంటరులో రాత్రి ఉద్యోగం చేసేదట. ఫోనులో చెప్పడానికి ఒక ఇంగ్లీషు పేరు ఇచ్చారు. ఒకసారి తల్లికి ఫోను చేసి, అలవాటు కొద్దీ ఆ పేరే చెప్పి, తరువాత చాలాసేపు ఏడ్చిందట. క్లాసులో ఎవరూ నవ్వలేదు.

స్వత్వం లోపల దాగిన రత్నమనీ, ఎవరికి వారే తవ్వి తీసుకోవాలనీ భావవాదులు చెబుతూ వచ్చారు. మియజాకీ చూపింది అది కాదు. చిహిరోకు తన పేరు గుర్తుచేసేది స్నేహితులు ఇచ్చిన వీడ్కోలు చీటీ. దాన్ని ఆమె బట్టలతో పాటు భద్రంగా తెచ్చి ఇచ్చిన హాకు, తన పేరు తానే మరచినవాడు. చివరకు అతని పేరు ఆమె చెబుతుంది. అతడొక నది, చిన్నప్పుడు ఆమె పడిన నది. దాన్ని పూడ్చి అపార్టుమెంట్లు కట్టారు. (మన చెరువులకు పట్టిన గతి వేరే చెప్పాలా?) పొయ్యి దగ్గరి కమాజీ, తోటి పనిమనిషి లిన్ ఆదుకోకపోతే ఆ పిల్ల అక్కడ ఒక్క పూట నిలిచేది కాదు.

చిత్రంలో నాకు మింగుడుపడనిది ముగింపు. ఎదుట నిలబెట్టిన పందుల్లో తన తల్లిదండ్రులు లేరని చిహిరో సరిగ్గా చెబుతుంది, ఒప్పందం మాయమవుతుంది. పనివారంతా కేరింతలు కొడతారు. కాని వారి ఒప్పందాల మాటేమిటి? స్నానశాల అట్లాగే నడుస్తుంది, యజమానురాలూ మారదు. ఒక పిల్ల విడుదలను అందరి పండుగగా చూపడంలో కొంత మోసం ఉన్నది.

ఇది నేను చెప్పకముందే వెనుక బెంచీ నుంచి ప్రశ్న వచ్చింది: “మరి ఆ లిన్ సంగతేంది సార్?” ఎప్పటికైనా ఈ చాకిరీ మానేసి దూరాన కనిపించే పట్నానికి పోతానని చిహిరోతో చెప్పుకున్నది లిన్. చిత్రం ముగిసేసరికి ఆమె ఇంకా అక్కడే ఉన్నది.