పగులూ పాఠమే: ఏక్‌తార, కిన్నెరల మరమ్మతు – ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

తెలుగు జానపద పరిశోధనలో పాటకు దక్కిన శ్రద్ధ ఆ పాటను మోసిన వాద్యానికి అంతగా దక్కలేదు. వాద్యాన్ని గురించి రాసినప్పుడు కూడా తీగలెన్ని, మెట్లెన్ని, బుర్ర దేనిది అన్న వర్ణనతోనే తరచుగా సరిపెట్టుకోవడం కనిపిస్తుంది. పగిలిన వాద్యాన్ని ఎలా బాగుచేశారు, అందులో ఏది నిలిచింది, ఏది పోయింది అన్నవి అరుదుగా వినిపించే ప్రశ్నలు. వాద్యపు మరమ్మతును పాఠపరిష్కరణతో సమానమైన విద్యగా చూడాలన్నది ఈ వ్యాసపు ప్రతిపాదన.

2. పగులు స్వభావం

మహారాష్ట్ర సరిహద్దును ఆనుకొన్న బోధన్ చెరకు ప్రాంతంలోనూ, నిజామాబాద్ పట్టణంలోనూ వేసవి ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ వెనువెంటనే వానాకాలపు తేమ వస్తుంది. కర్ర తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. భజనల్లో మోగే ఏక్‌తారలో సొరబుర్రకు తొలిచిన రంధ్రం గుండా దండి సాగుతుంది. తీగ బిగువు ఆ రంధ్రపు అంచుల మీద ఒత్తిడి పెంచుతుంది కనుక పగులుకు అది అనువైన చోటు. అందుచేత మరమ్మతులో మొదటి పని తీగను వదులు చేయడం. రెండవది, పగిలింది పై పూతా, లోపలి కర్రా అని తేల్చుకోవడం. వేసవిలో విచ్చుకొన్న కర్రపగులులో గట్టి పూరకం దట్టిస్తే, వానల్లో కర్ర ఉబ్బినప్పుడు ఆ పూరకమే మేకులా పనిచేసి పగులును పొడిగిస్తుంది.

3. జిగురు, పూత

జంతుచర్మం నుంచి తీసిన పాతకాలపు వడ్రంగి జిగురు వేడికీ తేమకూ మెత్తబడుతుంది. అతుకును మళ్ళీ విప్పవచ్చు. బజారులో సులభంగా దొరికే ఎపాక్సీ గట్టిగా పట్టుకొంటుంది గాని, దాన్ని విప్పబోతే కర్రే చీలే ప్రమాదముంది. పూత విషయమూ అంతే. స్పిరిట్‌లో కరిగించిన లక్క పాత లక్కపూతలో కలిసిపోతుంది కనుక చెడిన మేరకే సరిచేయవచ్చు. మందపాటి ఎనామెల్ రంగు పాత పూతను కప్పివేస్తుంది, పలుచని పైపలకకు బరువై నాదాన్ని అణచివేస్తుంది.

తాళపత్రం శిథిలమైన చోట పరిష్కర్త గ్రంథపాతమని చూపుతాడు. ఊహించి పూరించిన పాఠాన్ని కుండలీకరణంలో ఉంచుతాడు. తరువాతి పరిష్కర్తకు దారి మూసివేయకపోవడమే అక్కడి నీతి. విప్పదగిన అతుకు వాద్యానికి అటువంటి కుండలీకరణమే.

4. మూలరూపమనే సమస్య

ఏక్‌తారలో జిగురుకూ పూతకూ పరిమితమైన ఈ ప్రశ్న కిన్నెరలో వాద్యపు అంగాల దాకా విస్తరిస్తుంది. డక్కలి కళాకారుల కిన్నెరలో వెదురు దండికి అలుగు పొలుసులను తేనెమైనంతో అతికి మెట్లుగా వాడేవారు. మైనం వేడికి కరుగుతుంది. కనుక మెట్టును కదపడం, మార్చడం ఆ నిర్మాణంలోనే ఇమిడి ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అలుగు రక్షిత జంతువు. విరిగిన మెట్టుకు బదులు పొలుసు పెట్టడం నేడు తగదు. నరాలు, వెంట్రుకలతో చేసిన తీగల స్థానంలో లోహపు తీగలు వచ్చాయి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించడంతో ఈ వాద్యం అందరి దృష్టికీ వచ్చింది. ఈ మార్పులను కల్తీగా చూస్తే కిన్నెర చరిత్ర సగం చెరిగిపోతుంది. పాఠాంతరాలుగా చూస్తే ప్రతి అతుకూ ఒక కాలానికి సాక్ష్యమవుతుంది.

5. ముగింపు

సాయంత్రం భజనకు వాద్యం కావలసిన గాయకుడు చేతికందిన జిగురుతో అతికితే అది తప్పు కాదు. వాద్యం మోగడమే అతనికి ముఖ్యం. బాధ్యత సేకర్తలదీ, పరిశోధకులదీ. అతుకులు గీకి, మెరుగుపెట్టి అద్దాల పెట్టెలో ఉంచిన వాద్యం పాఠాంతరాలు తొలగించిన ముద్రణ వంటిది. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం వంటి చోట్ల జానపద పరిశోధకులు పాటతోపాటు వాద్యపు మరమ్మతు వివరాన్నీ నమోదు చేయాలి: పగులు ఎక్కడ, వాడిన జిగురేది, తీసివేసినదేమిటి, మరమ్మతుకు ముందూ తరువాతా నాదం ఎలా ఉంది. ఆ నమోదు లేనిచోట, పాట రికార్డులో వినిపించే నాదం ఏ స్థితిలోని వాద్యానిదో తరువాతి పరిశోధకుడు చెప్పలేడు.