ఎటూ మొగ్గని అంకె

విడాకుల కేసుకోసం తయారైన ఇంటి అప్రైజల్ రిపోర్టు పైపైన తిరగేస్తే గళ్ల పట్టికలు, ఫొటోలే. నిదానంగా చదివితే పనిమంతుడి చెయ్యి కనబడుతుంది.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మనవాళ్లు కొనుక్కున్న రెండంతస్తుల ఇల్లొకటి అనుకుందాం. టెక్సాస్‌లో పెళ్లయ్యాక కొన్నది చాలావరకు ఉమ్మడి ఆస్తి. ఇల్లు అట్టేపెట్టుకునే మనిషి రెండోవారి వాటా కట్టివ్వాలి గనక ధర తగ్గాలని చూస్తారు, వదిలి వెళ్లేవారు పెరగాలని. ఈ ఇద్దరి మధ్యకి టేపు పట్టుకుని, ఇంటికి విలువ కట్టే అప్రైజర్ వస్తాడు.

ముందు కొలత. హాలు కప్పు రెండంతస్తుల ఎత్తున ఉంటుంది, వచ్చినవాళ్లంతా తలెత్తి చూసేదీ దాన్నే. అమెరికాలో చాలామంది అప్రైజర్లు పాటించే ఆన్సీ అనే కొలతల ప్రమాణంలో మాత్రం పై అంతస్తు లెక్కలో ఆ జాగా చేరదు, అక్కడ నేల లేదు కదా! ఏటవాలు కప్పు కింద 5 అడుగుల ఎత్తుకూడా లేని మూలా చేరదు. గరాజు లెక్క వేరు.

తర్వాత పోలిక. ఇల్లు ఎంతకు అమ్మిందీ ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం టెక్సాస్‌లో లేదు. కాబట్టి ఆ ధరల్ని ఏజెంట్ల లిస్టింగుల్లోంచీ, ఫోన్లు చేసీ రాబట్టాలి. పక్క వీధి ఇల్లు 5 లక్షల డాలర్లకు పోయిందనుకోండి. దానికి స్విమ్మింగ్ పూల్ ఉంది, మన ఇంటికి లేదు. ఆ పేటలో పూల్ ఉన్న ఇల్లు 25 వేలు ఎక్కువ పలుకుతోందని అమ్మకాలు చెబితే, ఆ ఇంటి ధరలోంచే 25 వేలు తీసేస్తారు. తవ్వించడానికి ఎంతయిందన్నది లెక్కలోకి రాదు, కొన్నవాళ్లు ఎంత ఎక్కువిచ్చారన్నదే లెక్క. ముచ్చటపడి చేయించుకున్న దేవుడి గది చెక్క తలుపులకూ ఇదే న్యాయం. కష్టంగానే ఉంటుంది, ఏం చేస్తాం.

ఇలా సరిచేసిన మూడు నాలుగు ధరలు చేతికొచ్చాక, మనబోటివాళ్లం సగటు తీసి చేతులు దులుపుకుంటాం. అతను అలా చెయ్యడు. అన్నిటికన్నా తక్కువ దిద్దుబాట్లు పడ్డ ఇంటివైపు ఎక్కువ మొగ్గి, ఎందుకు మొగ్గాడో ఓ పేరాలో రాస్తాడు. రిపోర్టు మొత్తంలో నేను ముందుగా వెతుక్కునేది ఆ పేరానే.

నార్త్ కరొలినాలో పని ఇంకా సున్నితం. అక్కడ దంపతులు వేరుపడిన తేదీ నాటి ధర కావాలి. రెండేళ్ల తర్వాత పిలిచినా అప్రైజర్ ఆ రోజుకే వెళ్లాలి. ఆపైన ఒకరు వంటిల్లు కొత్తగా చేయించి ఉంటే, కళ్లెదుట మెరుస్తున్న ఆ గ్రానైట్ పక్కన పెట్టి, పాత ఫొటోలు అడిగి తెప్పించుకుని పాత వంటింటికి విలువ కడతాడు. తర్వాత మార్కెట్ ఎటు పోయిందో తెలిసినా ఆ తెలివిని దూరంగా ఉంచుతాడు.

చివర్న సంతకం పెట్టే పేజీ. ఆస్తిపట్లా, ఇందులో ఉన్న మనుషులపట్లా తనకు పక్షపాతం లేదనీ, ఫలానా ధర తేలితేనే ఫీజు అన్న ఒప్పందం లేదనీ ధ్రువీకరిస్తాడు. యూఎస్‌పాప్ అనే వృత్తి నియమావళి పెట్టిన షరతులివి. పని కాగితాల ఫైలు కనీసం 5 ఏళ్లు దాచాలి. కోర్టులో సాక్ష్యం చెప్పి ఉంటే కేసు పూర్తిగా తేలాక 2 ఏళ్లు, ఏ గడువు ఆలస్యంగా ముగిస్తే అంతవరకు. పూల్‌కు 30 వేలు కాకుండా 25 వేలే ఎందుకు తీశావని అవతలి లాయరు నిలదీస్తే జవాబు ఆ ఫైల్లోంచే రావాలి.