కండ తెలిసిన గీత

1820ల చివర్లో ఒక శనివారం నాడు చిత్రకారుడు యూజీన్ దెలాక్రువా తన స్నేహితుడు, శిల్పి ఆంత్వాన్ లూయీ బారీకి చిన్న చీటీ పంపాడు. సింహం చనిపోయింది, పరుగున రమ్మని దాని సారాంశం. అది పారిస్‌లోని జార్దాన్ దె ప్లాంత్ జంతుశాలలో ఉండిన సింహం. కళేబరం పాడయ్యేలోపు చర్మం ఒలిచిన దేహాన్ని గీసుకోవాలి. ఆ తొందరంతా అందుకే.

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి జంతుచిత్రం ఒకటి వేలానికి వచ్చిందంటే, కొనేవాళ్ల చూపు ముందుగా కాగితం అడుగున ఉన్న సంతకం మీద పడుతుంది. నిజానికి పడవలసింది జంతువు భుజం మీద. ఆ భుజంలో ఎముక ఎక్కడ ఆగుతుందో, కండ ఎక్కడ మొదలవుతుందో గీసినవాడికి తెలుసా లేదా అన్నదే ఈ సంప్రదాయానికి గీటురాయి.

ఆ తెలివిడి ఒక చోటు పుణ్యాన వచ్చింది. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1793-94లో, వెర్సాయ్‌లో మిగిలిన రాజుగారి జంతువులను పారిస్‌కు తెచ్చి జార్దాన్ దె ప్లాంత్‌లో జంతుశాల పెట్టారు. ఎవరైనా వెళ్లి చూడవచ్చు. అదే ప్రాంగణంలో ప్రకృతిశాస్త్రవేత్త జార్జ్ కువియే కూర్చిన అస్థిపంజరాల సేకరణ ఉండేది. బోనులో తిరిగే పులిని గీసి, నాలుగడుగులు వేసి పులి ఎముకలను చూసి, మళ్లీ బోను దగ్గరికి రావచ్చు. అంతకుముందు తరాల చిత్రకారులకు ఇంత వీలు లేదు.

బతికున్న జంతువు కుదురుగా ఉండదు. అందుకే ఆ కాలపు అభ్యాసపు కాగితాల మీద ఒకే సింహం తల మూడు నాలుగు చోట్ల కనిపిస్తుంది. ఒక పంజా పూర్తయి ఉంటుంది, పక్కనే ఇంకొకటి రెండు గీతలతో ఆగిపోయి ఉంటుంది. జంతువు పక్కకు తిరిగితే చిత్రకారుడు ఆ బొమ్మను అక్కడే వదిలి ఖాళీ జాగాలో మరొకటి మొదలుపెట్టేవాడు. బోనులోని జంతువు తిరిగిన దారిలోనే మళ్లీ మళ్లీ తిరుగుతుంది కాబట్టి పాత భంగిమ తిరిగి వస్తుంది, ఆగిన గీత ముందుకు సాగుతుంది. ఇంత వేగానికి తగిన పెన్సిలు కూడా అప్పటికి చేతికొచ్చింది. బ్రిటన్‌తో యుద్ధం వల్ల మంచి గ్రాఫైట్ దొరక్కపోవడంతో నికొలా జాక్ కోంతే గ్రాఫైట్ పొడిని బంకమట్టితో కలిపి కాల్చే పద్ధతి కనిపెట్టి 1795లో పేటెంటు పొందాడు. మట్టి పాలు పెంచితే గట్టి ములుకు, తగ్గిస్తే మెత్తని నల్లటి ములుకు.

బారీ అంతటితో తృప్తిపడలేదు. కొలిచేవాడు. చనిపోయిన జంతువుల కొలతలు తీసి, ఆ అంకెలను బొమ్మ పక్కనే రాసుకున్నాడు. పలచటి కాగితం పరిచి ఒక బొమ్మ అంచును ఎత్తుకుని దాన్నే ఇంకో చిత్రంలో, ఒక్కోసారి అద్దంలో ప్రతిబింబంలా తిప్పి, వాడుకునేవాడు. ఇలా ఎత్తుకున్న కాగితాన్ని నకలని తీసిపారేయకూడదు. శిల్పి తన చేతికి దొరికిన రూపాన్ని ఎన్ని పనులకు వాడుకోగలడో అందులోనే తెలుస్తుంది. పులిని అడవిలో ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా ఆయన నీటిరంగుల చిత్రాల్లో పులులు రాళ్ల, పొదల నడుమ సహజంగా పడుకుని ఉంటాయి. ఆ రాళ్లు పారిస్ దగ్గరి ఫాంతెన్‌బ్లో అడవివి. 1854లో ఆయన ప్రకృతిశాస్త్ర మ్యూజియంలో జంతుచిత్రణ ఆచార్యుడయ్యాడు. 1860లలో అక్కడ పాఠం విన్నవాళ్లలో ఓగుస్త్ రోదాఁ ఒకడు.

చిత్రకారిణి రోజా బోనర్ దారి జంతుశాలలోంచి కాక కబేళాలోంచి, గుర్రాల సంతలోంచి సాగింది. మగవాళ్లతో నిండిన ఆ చోట్లకు వెళ్లడానికి ఆమె పోలీసుల అనుమతి తీసుకుని ప్యాంటు తొడుక్కునేది. అప్పట్లో ఆడవాళ్లు మగదుస్తులు వేసుకోవాలంటే ఆ కాగితం తప్పనిసరి. 1853లో పారిస్ సలోన్ ప్రదర్శనలో పెట్టిన ‘గుర్రాల సంత’ చిత్రం వెడల్పు 5 మీటర్ల పైమాటే. దాని వెనుక సంతలో నిలబడి గీసుకున్న బొమ్మలెన్నో ఉన్నాయి.

ఇలాంటి కాగితాలు చిత్రకారుడు బతికి ఉండగా పెద్దగా బయటికి రావు. పనిముట్లతో పాటు అవీ పనిగదిలోనే ఉంటాయి. దెలాక్రువా పోయాక 1864 ఫిబ్రవరిలో, బారీ పోయాక 1876లో, బోనర్ పోయాక 1900లో పారిస్‌లో పెద్ద వేలాలు జరిగాయి. దెలాక్రువా వేలంలో అమ్మిన డ్రాయింగులే వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని గుర్తించడానికి వేసిన ఎర్రటి ‘ఇ.డి.’ ముద్రే ఇవాళ కొనేవాళ్లకు ధైర్యం. అయితే ఆ ముద్రకు దొంగముద్రలు కూడా పుట్టాయి. పైగా ఆయన శిష్యుడు పియెర్ ఆంద్రియో గురువు తరహాలోనే సింహాలనూ పులులనూ గీశాడు. ఆ బొమ్మలు గురువు పేరు మీద చలామణీ అయిన సందర్భాలున్నాయి.

అందుకే వేలం కేటలాగులో ప్రతి మాటా చూడాలి. ఫ్రాన్సులో 1981 మార్చి 3 నాటి ఉత్తర్వు ఈ మాటలకు చట్టబద్ధమైన అర్థం కట్టింది. పేరుకు ముందు ‘ఆపాదితం’ అని రాస్తే, అది ఆ చిత్రకారుడి కాలం నాటిదని, ఆయనదే కావడానికి బలమైన ఆధారం ఉందని హామీ. ‘ఆయన శైలిలో’ అంటే చేతికి గాని, కాలానికి గాని ఏ హామీ లేదు. ముద్ర, కాగితం వయసు, పాత యజమానుల వివరాలు ఇవన్నీ చూడవలసినవే. వాటి తర్వాత మాత్రం మళ్లీ బొమ్మ దగ్గరికే రావాలి. నకలు చేసేవాడు జూలును, గర్జించే నోటిని శ్రద్ధగా దించుతాడు. వెనక కాలి మడమ కీలు దగ్గర, ముంజేయి తిరిగే చోట గీత తడబడుతుంది, ఎందుకంటే లోపల ఏముందో అతను చూడలేదు. బారీ కాగితం మీద ఆ కీలు చాలాసార్లు దిద్దినట్టుంటుంది. ఒక గీత మీద ఇంకొకటి, దాని పక్కన కొలత. రంగులద్ది ముగించిన చిత్రానికి ఎక్కువ ధర పలికినా, ఆయన ఆలోచన దొరికేది ఈ దిద్దుబాట్ల కాగితంలోనే.